ఫోనుబండ మీద మూడు గదులు

పన్నెండింటికల్లా ఏదో ఒకటి చెప్పెయ్యాలి. ఇక్కడ పదకొండు దాటి ఐదు నిమిషాలు, అంటే బెర్లిన్‌లో ఏడున్నర దాటి ఐదు నిమిషాలు. మూడున్నర గంటలు తీసెయ్యడం రాజకుమారికి ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది. అక్కడ తను చేరబోయే ఆస్పత్రిలో నర్సుల ఇళ్ళ సంగతి చూసే బెకర్ మేడమ్ సరిగ్గా ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తుంది, చేస్తానన్న టైముకి చెయ్యకపోతే ఆవిడకి అన్నం సహించదు కాబోలు, చేసి ఒకటే మాట అడుగుతుంది, మూడు గదుల్లో ఏది అని. చెప్పకపోతే వాటిని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, జనవరిలో దిగినప్పుడు ఏది మిగిలితే అందులో చేరాలి. మిగిలినదాంట్లో చేరడమంటే రాజకుమారికి ఒంటికి పడదు. హాస్టల్లో మిగిలిన మంచం, క్లాసులో మిగిలిన బెంచీ, డ్యూటీ చార్టులో ఎవరూ వద్దనుకున్న పండగ రోజు, ఇవన్నీ చూసేసింది, చాలు. ఈ ఒక్కటి తనే ఎంచుకుంటుంది. నిన్న మెయిల్లో ఆ మూడు పేటల్లో నోయ్‌కెల్న్ అని రాసింది, ఇవాళ నోటితో కూడా అదే చెబుతుంది, అందులో ఆలోచించడానికేముంది. ఏమీ లేకపోతే గంట ముందే వచ్చి బండెక్కి ఎందుకు కూర్చున్నావే అంటే, అదీ నిజమే, ఏమీ లేకపోతే రాదు.

నేరేడుపుట్టు మొత్తానికి సిగ్నల్ దొరికేది ఈ బండ మీదే, అదీ బండ నడుమ పిడికిలి పట్టేంత గుంట ఒకటుంది, అందులో ఫోన్ నిలబెడితేనే. చేతిలోకి తీశారా, పోయింది. ఫోన్ చెవికి ఆనించుకుని గుసగుసలాడుకునే భాగ్యం ఈ ఊళ్ళో ఏ కొత్త పెళ్ళికూతురికీ లేదు. స్పీకర్ పెట్టి, గుంట చుట్టూ గొంతుక్కూర్చుని, పొయ్యి ఊదుతున్నట్టు వంగి మాట్లాడాలి, మిగతావాళ్ళు వంతు కోసం పక్కనే కూర్చుని అన్నీ వినాలి. అత్తాకోడళ్ళ తగువైనా సరే, మొగుడి తాగుడైనా సరే. ఎవరు పెట్టారో గానీ అందుకని ఒక కట్టుబాటు ఉంది: బండ మీద విన్నది బండ మీదే వదిలి దిగాలి. నిరుడు ఒకాయన దిగాక నోరు జారితే ఊరి పెద్దలు కూర్చుని తప్పు కింద కోడిని కట్టించారు, కోడికన్నా ఎక్కువగా ఆరునెలలు ఆయన ముందు ఎవరూ ఫోన్ మాట్లాడలేదు, ఆ శిక్షే పెద్దది. ఇవాళ బండ మీద నలుగురు. తను, ఒళ్ళో చేట పెట్టుకుని రాజ్మా కాయలు ఒలుస్తున్న మామ్మ సోములమ్మ, టోపీ ముఖం మీదికి లాక్కుని పడుకున్న తమ్ముడు ప్రసాద్, ఇంకా కొండబాబు. కొండబాబు కిందివాడు, మైదానం నుంచి వచ్చిన షావుకారు, జి.మాడుగుల బజార్లో కొట్టుంది, పిప్పళ్ళూ పసుపూ కొనడానికి ఊళ్ళమ్మట తిరుగుతాడు, తన వంతు ఎప్పుడొస్తుందా అని అటు తిరిగి కూర్చున్నాడు. లోయలో వలిసెలు విరగబూశాయి. వాటిని చూడ్డానికి కార్లేసుకుని వచ్చేవాళ్ళు తొక్కేసిపోతున్నారని అమ్మ పొద్దున్న తిట్టుకుంటూనే చోడి కోతకి పోయింది.

మొదటి గది కోపెనిక్‌లో. ఆ ఫొటో చూడగానే ప్రసాద్ చంకలు గుద్దుకున్నాడు. అడవి, అడవిలో పెద్ద చెరువు, చెరువు గట్టున ఎర్రపెంకుల చిన్న ఇల్లు. "ఇంకేటి సూత్తావక్కా, అచ్చం మనూరే, ఇదే తీసుకో" అన్నాడు. జీపు తోలేవాడికి రోడ్డు పక్క చెట్టుంటే చాలు, అది మనూరే. దూరపు కొండలు నునుపన్న సామెత కింది వాళ్ళు పెట్టుకున్నారు గానీ కొండమీద వాళ్ళకి దూరపు ఊళ్ళన్నీ నునుపే. అడవిని చూసి అడవివాళ్ళే, కొండని చూసి కొండవాళ్ళే మోసపోతారు, రాజకుమారి ఒకసారి మోసపోయింది, ఆ మోసం బరువు ఇప్పటికీ కుడిభుజం మీద ఉంది. వైజాగ్‌లో నర్సింగ్ అయి మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు కొండవాలులో ఇళ్ళ పేట చూపించి ఏ వాటా కావాలమ్మా అన్నారు. కింద, రోడ్డు పక్కన ఒకటుంది, నడిమిట్లో ఒకటుంది, అన్నిటికన్నా పైన, నూట నలభై రెండు మెట్లెక్కాక ఒకటుంది. తను రెండో మాట లేకుండా పైది అడిగింది. ఇంటాయన తెల్లబోయాడు, నిజంగానా అమ్మా అని రెండుసార్లు అడిగాడు, వీడికేం తెలుసులే అనుకుంది. ఊళ్ళో ఊట పై ఇళ్ళకే ముందొస్తుంది, కింది ఇళ్ళవాళ్ళు పైవాళ్ళు కడుక్కున్నదే తాగాలి, పై ఇల్లంటే పెద్దిల్లు. మరి పట్నంలో నీళ్ళు కిందనుంచి పైకెక్కుతాయనీ, ఎక్కలేక నలభయ్యో మెట్టు దగ్గరే ఆగిపోతాయనీ ఎవడు చెప్పాడు! కొండెక్కి కూర్చుని కుళాయి ఎక్కడండీ అని అడిగితే ఇంటాయన వేలెత్తి సముద్రం వైపు, కిందికి, చూపించాడు. ఏడాదిపాటు నైట్ డ్యూటీ చేసొచ్చి రెండు బిందెలు మోసింది. ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం పై వాటాలో ఉన్నాను మామ్మా అని చెప్పేది, మామ్మ ఊరంతా టముకు వేసింది, మా మనవరాలు గుంట పట్నంలో ఊట కాడ ఉందని.

ఆ మెట్ల మీదే పైడితల్లి కనిపించింది. చేపలమ్ముకునే మనిషి, సగం మెట్ల దగ్గర ఇల్లు, గుమ్మం పక్కన నీలం డ్రమ్ము. మూడోరోజు పొద్దున బిందెలతో ఒగర్చుకుంటూ ఎక్కుతుంటే చాటలో చేపలు సర్దుకుంటున్నదల్లా తలెత్తి, "ఒలే గుంటా, నీకేటి పిచ్చా, కొండ నెత్తిమీద కొంప తీసుకున్నావు? నీల్లెవులు మోత్తారే? ఈ డ్రమ్ములో ముంచుకు పో" అంది. అంతే. పేరు అడగలేదు, ఏ ఊరు అని అడగలేదు. పేరు అడిగింది ఎప్పుడో రెండునెలలకి, అదీ జ్వరమొస్తే మందుచీటీ మీద రాయించుకోడానికి. పట్నం అంటే రాజకుమారికి బీచీ కాదు, షాపింగ్ మాళ్ళూ కాదు, ఆ నీలం డ్రమ్ము. నోయ్‌కెల్న్‌లో గది చూపించిన నెరిమాన్‌ని వీడియోలో చూసినప్పుడు కూడా అదే తోచింది, ఈవిడ గుమ్మం దగ్గర డ్రమ్ముంటుంది అని. టర్కీ నుంచి వచ్చి నలభై ఏళ్ళయిందట, మొగుడు పోయాడు, మూడో అంతస్తు, కింద కూరగాయల కొట్టు, పక్కన మంగలి షాపు, రోడ్డంతా గోల. ఆవిడ అడిగినవి రెండే రెండు. బూట్లు గుమ్మం బయట విప్పుతావా? విప్పుతాను. నువ్వు ఇంత దూరం వస్తున్నట్టు మీ అమ్మకి తెలుసా? తెలుసు. అయితే రా. ఆవిడ జర్మన్ తన జర్మన్ కన్నా అధ్వాన్నంగా ఉంది, ఇద్దరూ తప్పులు మాట్లాడుకుంటూ చక్కగా అర్థం చేసుకున్నారు, తప్పు లేకుండా మాట్లాడే బెకర్ మేడమ్ మాటలే సగం అర్థం కావు. అందుకే నోయ్‌కెల్న్. అయిపోయింది కదా, అయిపోయిందిక.

"ఆ నాయికల్లు ఒద్దే" అంది మామ్మ, తను నోరు తెరవకపోయినా. మామ్మకి ముఖం చదవడం వచ్చు. రాజ్మా ఒలుస్తున్న చేతులు ఆగలేదు.

"నోయ్‌కెల్న్, మామ్మా."

"అదే. గింజలు ఒద్దన్నాయి."

గింజల కథ తల్చుకుంటే రాజకుమారికి నవ్వాగదు. ఊళ్ళో ఎవరు కొత్తిల్లు కట్టుకోవాలన్నా శకునాలు చూసే దిసారి వచ్చి, నక్షత్రం చూసి, ఆ చోట చిన్న గొయ్యి తీసి బియ్యపు గింజలు లెక్కపెట్టి పెట్టి డొప్ప బోర్లిస్తాడు, పొద్దున్నే తీసి చూసేసరికి గింజ కదలకుండా ఉంటే అక్కడ ఇల్లు కట్టొచ్చు, కదిలితే ఆ చోటు వద్దన్నట్టు. మామ్మ మొన్న దిసారి చేత ఇంటి వెనక మూడు గోతులు తీయించింది, ఒకటి కోపెనిక్, ఒకటి నోయ్‌కెల్న్, ఒకటి స్పాండౌ. స్పాండౌ అనడం రాక పాండవులూరు అంది, పాండవులు మన కొండల్లోనే తిరిగారు గనక అది మంచిదే అని కూడా అంది. బెర్లిన్ మట్టి అక్కడుంటే నేరేడుపుట్టు మట్టిలో గింజలు పెట్టి ఏం లాభం మామ్మా అంటే, "బూమి ఒకటే కదేటి, ఎక్కడ తవ్వితే ఏటి" అంది, భూగోళం చదివిన రాజకుమారికే భూగోళం చెప్పింది. తెల్లారేసరికి పక్కింటి కోడి పిల్లల్ని వెంటేసుకొచ్చి మూడు డొప్పలూ తిరగేసి మూడు ఊళ్ళూ తినేసింది. మామ్మ కోడిని తిట్టలేదు, దిసారిని తిట్టలేదు, తాపీగా "మూడూ ఒద్దన్నట్టే, ఎల్లకు" అంది. వెళ్ళకపోవడం కుదరదని మామ్మకి తెలుసు. ఏడాదిన్నర రాత్రీ పగలూ జర్మన్ బట్టీ పట్టిందని తెలుసు. మనవరాలు అనుకున్నది చేస్తుందని, చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాల నుంచి పారిపోయి వచ్చి, అన్నం తిని, తెల్లారి తనంతట తనే మళ్ళీ నడిచి వెళ్ళిన గుంట అనీ మామ్మే అందరికీ చెబుతుంది. అయినా ఎల్లకు అంటుంది, అనకపోతే మామ్మెలా అవుతుంది.

పదకొండున్నర అవుతుండగా ఫోన్ మోగింది. బెకర్ మేడమ్ ముందే చేసిందా అని గబగబా వంగి చూసింది, కాదు, స్పాండౌ అమ్మాయి సౌజన్య. మూడో గది ఆమె ఫ్లాట్‌లోదే, రెండు గదుల్లో ఒకదాంట్లో తనుంటుంది, సాఫ్ట్‌వేర్. ఆ అపార్టుమెంట్లలో పన్నెండు తెలుగు కుటుంబాలున్నాయి, వినాయక చవితికి పందిరేస్తారు, కరివేపాకు మొక్క కుండీల్లో పెంచి ఇంటింటికీ రెబ్బలు పంచుకుంటారు. అసలే వెళ్ళొద్దనే మామ్మా, ప్రసాదూ తప్ప అందరూ చెప్పింది స్పాండౌనే. "తెలుగోల్లుండగా ఇంకెక్కడికో పోడమేటమ్మా" అని కొండబాబు కూడా పొద్దున్న అడక్కుండానే సలహా పడేశాడు. సౌజన్య గొంతు బావుంది, నవ్వుముఖం ఉన్నవాళ్ళ గొంతు. ఆఫీసుకి బయల్దేరుతూ చేశానండీ అంది, మీ గదికి పొద్దుటెండ వస్తుందండీ అంది, ఆవకాయ రెండు సీసాలున్నాయి అంది. తర్వాత ఒక చిన్న సందు, గుక్క తిప్పుకున్నంత, ఆ సందులోంచే వస్తుందని రాజకుమారికి ముందే తెలుసు, ఎన్నిసార్లు వినలేదు!

"ఇంతకీ మీ ఇంటిపేరేంటండీ? అంటే... ఏజెన్సీలో సెటిలైనవాళ్ళా, లేకపోతే..."

"కిల్లో అండీ. ఎస్టీలం. కొండదొరలం."

రాజకుమారి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తర్వాత సౌజన్య, "అయ్యో, పర్లేదండీ, నేనలాంటివి..." అంటుండగా సిగ్నల్ పోయింది. కొండ మీదికి మబ్బొచ్చి కూర్చుంటే అంతే, సగం మాట లోపలికి వస్తుంది, సగం అక్కడే ఉండిపోతుంది.

పర్లేదట! ఎవరడిగారమ్మా నిన్ను, పర్లేదా అని? పులి గోత్రం వాళ్ళమే మేము, కిల్లో అంటే పులి, మా ముత్తాత పేరు చెబితే నాలుగూళ్ళవాళ్ళు లేచి నిలబడేవారు, నువ్వు పర్లేదంటే గానీ మాకు ఊపిరాడదా? కోపం వచ్చింది, శుభ్రంగా, కడుపులోంచి వచ్చింది, వచ్చినందుకు సంతోషించింది కూడా, ఎందుకంటే మొదట్లో కోపం వచ్చేది కాదు, ఏడుపొచ్చేది. నర్సింగ్ మొదటేడు హాజరు పిలిచినప్పుడు కిల్లో అనగానే వెనక బెంచీలోంచి "అరకిలో ఇవ్వండి మేడమ్" అని వినిపించింది, క్లాసు గొల్లుమంది, పాఠం చెప్పే మేడమ్ కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాలుగేళ్ళు నడిచింది. అన్నం కంచం పక్కకి జరపడం చూసింది, మీరు ఎలకల్ని తింటారటగా అని ఎంతో మర్యాదగా అడగడం విన్నది, ర్యాంకొస్తే కోటా అనడం, రాకపోతే అంతేలే అనడం. అవన్నీ తెలుగులోనే, తను పుట్టి పెరిగిన భాషలోనే. అదే భాష కదా అని మురిసిపోయి ఏడు వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్ళి మళ్ళీ అదే బెంచీలో కూర్చోవాలా? చవితి పందిట్లో ప్రసాదం పంచేటప్పుడు చేతికి చెయ్యి తగలకుండా పైనుంచి పడేస్తే, అది బెర్లిన్ అయితేనేం వైజాగ్ అయితేనేం. భయపడి కాదు, భయం ఎప్పుడో మెట్ల మీద బిందెలతోపాటు దింపేసింది. టైము దండగ, అందుకు. నెరిమాన్‌కి కిల్లో అంటే పులీ కాదు, కిలో కూడా కాదు, బూట్లు విప్పే పిల్ల, అంతే. హాయి. ఇంక ఎవరు చెప్పినా వినదు.

"మబ్బెలిపోతాది, కూకో" అంది మామ్మ. కొండబాబు అటే తిరిగి కూర్చున్నాడు, పర్లేదన్న మాట అతనికీ వినబడింది, ఈ ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా మంచినీళ్ళు పుచ్చుకోకుండా సోడా కొట్టించుకు తాగే మనిషి, మెడ వెనక ఎర్రగా అయింది. ప్రసాద్ టోపీ తీసి, "బాగా ఉంది నీ తెలుగు కాలనీ" అన్నాడు. వీడికి ఎప్పుడూ తనే గెలవాలి. రాజకుమారి గుంటలో ఫోన్ కొంచెం పక్కకి తిప్పింది, ఒక గీత, రెండు గీతలు, పోయాయి, మళ్ళీ రెండు. పన్నెండుకి పావుగంట. జనవరి మొదటివారం నోయ్‌కెల్న్ వీధిలో నడుస్తున్నట్టు అనుకుని చూసింది, చలికి ముక్కు కారుతోంది, కూరగాయల కొట్టువాడు నవ్వాడు, పైకెక్కి గుమ్మం బయట బూట్లు విప్పింది, నెరిమాన్ టీ ఇచ్చింది, ఆదివారం వంట ఎవరిదని పోట్లాడుకున్నారు, అంతా సాఫీగానే ఉంది, ఎక్కడా ముల్లు లేదు. ఒకటే వెలితి. ఆ ఇంట్లో కలవరించినా ఎవరికీ అర్థం కాదు. దానికేం, కలవరించడం మానేస్తే సరి.

మళ్ళీ మోగింది. సౌజన్యే. క్షమించమంటుంది కాబోలు, ఇలాంటివాళ్ళు తర్వాత చాలా బాగా క్షమించమంటారు, పనిలో పనిగా గది వద్దని మర్యాదగా చెప్పేద్దామనుకుని ఎత్తింది.

"రాజకుమారి గారూ, పెట్టెయ్యకండీ, మళ్ళీ కట్ అయ్యేలోపు చెప్పెయ్యాలి..."

"ఒక్క నిమిషం సౌజన్య గారూ, ఇది స్పీకర్లో..."

కానీ సగం మాటలే అటు చేరుతున్నట్టున్నాయి, ఆ పిల్ల ఆగలేదు, గండి పడ్డ గట్టు మీదనుంచి నీళ్ళొచ్చినట్టు వచ్చేశాయి మాటలు. "మీరేం అనుకున్నారో నాకు తెలుసండీ. నేనడిగిన తీరు అలాంటిది. నేను అందర్నీ అలాగే అడుగుతాను, నేనే ముందు అడిగేస్తాను, అడిగేవాళ్ళని ఎవరూ తిరిగి అడగరు, అందుకని. మా నాన్న మున్సిపాలిటీ చెత్తబండి తోలేవాడండీ. మాది ఊరి చివర పేట. ఇక్కడ మా నాన్న మున్సిపల్ ఆఫీసులో పని చేస్తారని చెప్పాను. మూడేళ్ళయింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముద్ద లెక్కపెట్టుకుంటూ తింటాను, ఎక్కడ ఏ మాట జారుతుందోనని. మీరేమో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అన్నట్టు చెప్పేశారు. ఎస్టీలం, కొండదొరలం అని. అంత తేలిగ్గా ఎలా చెప్పారండీ? నేనింకా బస్‌స్టాప్‌లోనే ఉన్నాను, బస్సు వెళ్ళిపోయింది, ఆఫీసుకి వెళ్ళబుద్ధి కావట్లేదు..."

ఏడుస్తోంది. గుంటలోంచి ఏడుపు బండంతా పాకింది. రాజకుమారి ఫోన్ మీదికి ఇంకా వంగింది. పర్లేదు అన్న ఆ మాట తనని ఓదార్చడానికి కాదా, ఆ పిల్ల తనకి తనే చెప్పుకుందా! తెలుగువాళ్ళంటే ఒకే ముద్ద అనుకుంది, వెనక బెంచీలో నవ్వినవాళ్ళంతా ఒకటే అనుకుంది. ఆ గొల్లుమన్నవాళ్ళలో భయపడి నవ్వినవాళ్ళు ఎంతమందో, తాము నవ్వకపోతే చూపు తమమీదికి తిరుగుతుందని నవ్వినవాళ్ళు. ఛీ, ఎంత బేగి తీర్పు చెప్పేశానే అనుకుంది. సిగ్గేసింది. జాలేసింది. ఏదో ఒకటి అనాలి, ఏమనాలి అని వెతుక్కునేలోపు మామ్మ చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి, ఫోన్ దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడేది గనక గట్టిగా అరవాలన్న నమ్మకంతో అరిచింది.

"ఒలే గుంటా! ఏడవకే! నాను ఈళ్ళ మామ్మని! సెత్త తీసినోడికి సిగ్గేటే, ఏసినోడికి గాని!"

అవతల ఏడుపు టక్కున ఆగింది. "ఎవరండీ అది? స్పీకర్లో ఉందా?"

"ఉందండీ. చెప్పబోయాను, మీరు వినిపించుకోలేదు. ఇక్కడ ఫోన్ చేత్తో పట్టుకుంటే సిగ్నల్ ఉండదు. మా మామ్మ, మా తమ్ముడు, ఒక షావుకారు. నాతో కలిపి నలుగురం. మా ఊళ్ళో ఈ బండ మీద విన్నది ఎవరూ కిందికి దింపరండీ. అది కట్టుబాటు."

కొండబాబు ఈసారి ఇటు తిరిగాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, ఎవరికి పెట్టాడో అతనికే తెలియాలి, ఫోనుకి పెట్టినట్టే ఉంది. రాజకుమారి ఆ పిల్ల పెట్టేసిందనుకుంది. పెట్టెయ్యలేదు. అటునుంచి వచ్చింది ముందు దగ్గులా ఉంది, తర్వాత నవ్వని తెలిసింది.

"మూడేళ్ళుగా పన్నెండిళ్ళవాళ్ళకి తెలీకుండా దాచాను. ఇప్పుడు ఒక్కసారే నలుగురికి తెలిసిపోయింది."

"మరి ఏమైనా అయిందా?"

"ఏం కాలేదండీ." మళ్ళీ నవ్వింది. నవ్వుతూనే గొంతు తగ్గించింది, "వాళ్ళకి చెప్పరు కదా?"

"మీది చెప్పుకోవాల్సింది మీరు. నాది మాత్రం మొదటిరోజే చెబుతాను, అడిగినా అడక్కపోయినా. అప్పుడు మీరు నా పక్కన కూర్చుంటే చాలు, ఏమీ అనక్కర్లేదు."

"అంటే... మీరు ఇక్కడికి..." అంటుండగానే రెండో కాల్ కూత మొదలైంది. పన్నెండు. బెకర్ మేడమ్. మళ్ళీ చేస్తానని చెప్పి సౌజన్యని ఆపి ఇటు మార్చింది, మారుస్తున్న ఆ అరక్షణంలోనే రాజకుమారికి తెలిసింది, నెరిమాన్‌కి సాయంత్రం ఫోన్ చెయ్యాలి, ఆవిడ చీవాట్లు పెడుతుంది, పెట్టనీ, ఆదివారాలు బూట్లు విప్పి వెళ్ళి టీ తాగి రావచ్చు. తనకి ఎవరు కాపు కాస్తారా అనే ఇన్నాళ్ళూ ఫొటోలు తిరగేసింది. అదేం లెక్క? తనకి కాపెందుకు, పులికి? అక్కడ పన్నెండిళ్ళ నడుమ ఒక పిల్ల ముద్ద లెక్కపెట్టుకుని తింటోంది. తను వెళ్ళి ఎదురుగా కూర్చుంటే కడుపునిండా తింటుంది. ఆ పందిట్లో ప్రసాదం ఎలా పడేస్తారో తనూ చూస్తుంది, చెయ్యి చాపి, తిన్నగా కళ్ళల్లోకి చూస్తూ పుచ్చుకుంటుంది, పక్కన ఇంకొకరున్నప్పుడు అది పెద్ద పనేం కాదు. వెన్ను నిటారుగా పెట్టింది.

బెకర్ మేడమ్ శుభోదయం చెప్పింది, నిర్ణయించుకున్నావా అని అడిగింది. మామ్మా ప్రసాద్ కొండబాబూ అర్థం కాని ఆ భాష వైపు మెడలు సాచి వింటున్నారు. రాజకుమారి ఏడాదిన్నరగా నేర్చుకున్న జర్మన్‌ని తడబడకుండా, మాటకి మాట విడదీసి చెప్పింది.

"స్పాండౌ, మేడమ్."

"స్పాండౌనా? నిన్న నోయ్‌కెల్న్ అని రాశావే. నా ముందు నీ మెయిల్ ఉంది."

"అవును, రాశాను. స్పాండౌలో మావాళ్ళున్నారని నాకు ఇప్పుడే తెలిసింది."

కీబోర్డు టకటకలు వినిపించాయి, బెకర్ మేడమ్ మార్చి రాసుకుంటోంది. రాసుకుంటూ మర్యాదకి అడిగింది, "ఓ, మంచిది. బంధువులా?"

"అవునండీ" అంది రాజకుమారి.